పసాంగ్ నాన్న దీపాలు

బుధవారం, లుసైల్ క్యాంప్, ఖతార్

ఇంకా కోపం తగ్గలేదు.

మా ఇంజినీర్ సార్ సెలవులకు నేపాల్ వెళ్ళి, కొండల్లో బౌద్ధ మఠాలు చూసి వచ్చాడు. ఏ మఠం చూడాలో చెప్పింది నా రూమ్‌మేట్ పసాంగే. అది వాళ్ళ ఊరి మఠం. సార్ బయలుదేరబోతుండగా పసాంగ్ తండ్రి పోయాడు. కర్మలకు వెళ్తానని లీవ్ అడిగితే, "నేను లేనప్పుడు సైట్‌లో మనిషి తగ్గకూడదు" అని సార్ కుదరదన్నాడు.

ఈరోజు భోజనాల దగ్గర ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. మఠం నిండా వెన్న దీపాలు.

"ఎవరో ముసలాయన కర్మ జరుగుతోంది. మాకూ టీ ఇచ్చారు. అక్కడ కూర్చుంటే మనసుకి ఎంత శాంతిగా ఉంటుందో."

పసాంగ్ వంగి చూశాడు. దీపం వెలిగిస్తున్నది వాళ్ళమ్మ.

"సార్, ఈ ఫోటో నాకు పంపుతారా?" అని హిందీలో మెల్లగా అడిగాడు.

ఆ మర్యాద చూసి నాకు ఒళ్ళు మండింది.

"సార్, ఆ ముసలాయన వీళ్ల నాయన. కొడుకునేమో ఈడ ఆపిండ్రు, మీరు పోయి ఆడ చాయ్ తాగొచ్చిండ్రు. ఇంక శాంతి గురించి మాకు చెప్తుండ్రా?" అని అందరి ముందూ అరిచాను.

సార్ ముఖం మాడిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. రేపటి నుంచి నా డ్యూటీ ఎక్కడో ఉత్తరం కొసన మదీనత్ అల్ షమాల్‌లో అని సాయంత్రం ఫోర్‌మన్ చెప్పాడు. వేసుకోనీ, ఎక్కడైనా అదే పని.

కానీ పసాంగ్ నన్ను మెచ్చుకోలేదు. "భయ్యా, ఫోటో వచ్చాక తిట్టాల్సింది" అన్నాడు, అంతే.

ఆ ఫోటో కోసమైనా పొద్దున బస్సెక్కే ముందు సార్ దగ్గరికి వెళ్ళి, "తప్పయింది సార్" అనాలి. ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో...