మామయ్య మూడు కొట్లు

చిరంజీవి మేనకోడలికి,

దర్జీ మామయ్య ఆశీస్సులు. సిగ్గు విడిచి రాస్తున్నాను. నలభై ఏళ్లుగా ఒక్క కొలతా కాగితం మీద పెట్టకుండా కుట్టినవాణ్ణి. మొన్న పోస్టుమాస్టరు కొలతలతో హెడ్మాస్టరుగారి ప్యాంటు కుట్టాను. ఆయన తొడుక్కుంటే పిక్కలు కనిపించాయి. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతావు కదా, నా బుర్ర పాడైందా? ఔనంటే కత్తెర పక్కన పడేస్తాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఈ ఉత్తరం పోస్టుమాస్టరు చేతికే ఇవ్వాలి. ఆయన ప్యాంటు ఇంకా మొదలెట్టలేదు.

*

మామయ్యకి నమస్కారాలు.

కంగారు పడకు. జ్ఞాపకాలకి మూడు కొట్లుంటాయి. కళ్లూ చెవులూ పట్టింది మొదటి కొట్లో క్షణం ఉండి పోతుంది. మనసు పెట్టింది రెండో కొట్లోకి వెళ్తుంది. అది ఇరుకు, కాసిని ముక్కలకే నిండిపోతుంది, అరనిమిషంలో ఖాళీ. కొలత తీస్తూ కబుర్లాడితే అంతే సంగతులు. పదే పదే అనుకుంటే మూడో కొట్లోకి చేరుతుంది. అక్కడ చేరింది చెక్కుచెదరదు.

నీ మేనకోడలు

తా.క.: చిన్నప్పుడు నా పసుపు గౌనుకి ఎడం చెయ్యి పొట్టిగా కుట్టావు, గుర్తుందా? బడంతా నవ్వింది. ముప్ఫై ఏళ్లయినా మరవలేదు. మూడో కొట్టంటే అదీ! ఏటా క్లాసులో చెబుతాను, పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

*

చిరంజీవికి ఆశీస్సులు.

మూడు కొట్లనగానే గుండె గుభేలుమంది. నాకున్న ఒక్కదానికే తాళం సరిగ్గా పడదు. అర్థమయ్యాక నువ్వు చెప్పినట్టే చేశాను. నర్సుగారు యూనిఫాంకి కొలతలివ్వడానికి తోటివాళ్లతో వచ్చింది. "నడుము నలభై నాలుగు, నడుము నలభై నాలుగు" అని వీధి వినేలా వల్లించాను. ఆవిడ టేపు లాక్కుని నా మెడకి చుట్టింది. ఆ వీధిలో తలెత్తుకుని నడవలేకపోతున్నాను.

మామయ్య

తా.క.: కొలత మాత్రం మరవలేదు. ఆవిడా మరిచేలా లేదు.

*

అయ్యో మామయ్యా!

అనుకోమన్నది మనసులో! ఇలా చెయ్యి: కొలతని తెలిసిన వస్తువుతో ముడిపెట్టు, ఇంకా బాగా నిలుస్తుంది.

నీ మేనకోడలు

తా.క.: ఈసారి క్లాసులో నీ పొట్టి చెయ్యి గౌను బొమ్మ కూడా గీశాను.

*

చిరంజీవికి,

ముడిపెట్టాను. హెడ్మాస్టరుగారి కోటు కొలతని నీళ్ల డ్రమ్ముతో. మళ్లీ తారుమారు కాకూడదని కోటు వీపు మీద సుద్దతో "డ్రమ్ము" అని రాసుకున్నాను. చెరపడం మరిచాను. ఆయన అదే వేసుకుని బడికి వెళ్లారు. నేను మూడు రోజులుగా కొట్టు తెరవలేదు.

ఇంక ఆ గౌను సంగతి. పిల్లలకి పాఠంగా చెబుతున్నావు కనక దాచడం తప్పు. నేను సరిగ్గానే కుట్టానమ్మా. చెయ్యి కత్తిరించింది నువ్వు, బొమ్మకి టోపీ కావాలని. అక్కయ్య బెత్తం తీసేసరికి నువ్వు వణికిపోతున్నావు. పొట్టిగా కుట్టింది నేనేనని చెప్పేశాను. టోపీతో సహా ఆ బొమ్మ నా సొరుగులో ఉంది.

మామయ్య

తా.క.: టోపీ చుట్టుకొలత ఐదున్నర అంగుళాలు. సొరుగు తెరవకుండానే రాస్తున్నాను.

*

మామయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. మూడో కొట్లో ఏదీ చెక్కుచెదరదని నీకు పాఠం చెప్పాను. నా కొట్లో నేనే కత్తెర పట్టుకుని కూర్చున్నాను, నువ్వు చెప్పిన అబద్ధమే నా జ్ఞాపకమైపోయింది. నువ్వు నన్ను దెబ్బల నుంచి కాపాడితే, నేను నిన్ను ఏటా క్లాసులో నిలబెట్టి నవ్వించాను. రేపు పిల్లలకి అసలు కథ చెబుతాను. నీ బుర్రకేం కాలేదు, కొట్టు తెరువు. ఆదివారం వస్తున్నాను, కొలతలకి నోటుపుస్తకం తెస్తాను. హెడ్మాస్టరుగారి దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ మేనకోడలు

తా.క.: అమ్మకి మాత్రం చెప్పకు. ఆవిడ మూడో కొట్లో బెత్తం భద్రంగా ఉంది.