సీసా తిప్పే చెయ్యి

పాఠశాలల పర్యవేక్షణాధికారి గారి దివ్యసముఖమునకు, సీసాల ఫ్యాక్టరీలో మొన్నటి వరకు పనిచేసిన ఒక కార్మికురాలు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: హైస్కూలు రోబోటిక్స్ శిక్షణ తరగతి నుండి నా కుమార్తె పేరు కొట్టివేయకుండుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నాకు అర్జీలు రాయడం అలవాటు లేదు. మా వీధిలో కుళాయి కోసం ఎవరో పెట్టుకున్న అర్జీ నకలు ఎదురుగా పెట్టుకొని ఇది రాయుచున్నాను. కావున మధ్యలో ఎక్కడైనా నీళ్ళు రావడం లేదని ఉంటే నా పొరపాటుగా భావించి క్షమించవలెను.

1. సదరు శిక్షణ తరగతి స్కూలు వెనక, వడ్రంగం షెడ్డు పక్క గదిలో నడుచుచున్నది. తలుపు మీద "నేటి శిక్షణ, రేపటి ఉద్యోగం" అని రంగు అక్షరాలతో రాసి ఉన్నది. ఇందుకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. నా కుమార్తె అందులో చేరినది మొదలు జడలో స్క్రూడ్రైవరు గుచ్చుకొని తిరుగుచున్నందున తోటి పిల్లలు దానిని "స్క్రూ" అని పిలుచుచున్నారు. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. తర్వాత నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. మా ఫ్యాను, రేడియో, పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె అన్నీ విప్పేసేది. వాటిలో కొన్ని బాగుపడ్డాయి కూడా.

2. ఆ తరగతిలో ఒక పద్ధతి కలదు. ప్రతి విద్యార్థీ తన ఇంట్లో ఒకరు చేసే పనిని దగ్గరుండి చూసి, ఆ పని చేయగల యంత్రమును తయారు చేయవలెను. అలా చేస్తేనే రేపు ఉద్యోగాల్లో నిలబడతారని మాస్టారు చెప్పారట. ఒక అబ్బాయి వాళ్ళ నాన్న టైర్లకు గాలి కొట్టడం చూశాడు. ఇంకో అమ్మాయి వాళ్ళ బామ్మ సూదిలో దారం ఎక్కించడం చూసింది. మాది నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నీ పని నాకు చూపిస్తావా?" అంది.

అయ్యా, నా పని చూపించమని అంతవరకూ ఎవరూ అడగలేదు. దాని నాన్నయితే పోయేదాకా నేను సీసాలు కడుగుతాననే అనుకున్నాడు. కడగను, ఏరతాను. బెల్టు మీద వచ్చే ఖాళీ సీసాల్లో బీటలు వారినవి పక్కన పెట్టడం నా పని. మెడ పట్టుకొని ఎత్తాలి, వెలుతురుకు పెట్టి తిప్పాలి, గోటితో ఒక్కటి కొట్టి వినాలి, దించాలి. మా పిల్ల వంటగది బల్ల మీద సీసాలు వరసగా నిలబెట్టి, నా వేళ్ళకు రంగు టేపులు చుట్టి, ఫోనులో వీడియోలు తీసుకుంది. "ఇంకోసారమ్మా, ఈసారి నెమ్మదిగా" అంటూ చెయ్యి పడిపోయేదాకా తిప్పించింది. నా పెళ్ళిలో కూడా నన్ను అన్ని ఫొటోలు తీయలేదు.

"దించేముందు కాస్త ఆగుతావెందుకమ్మా?" అని అడిగింది.

"ఏమో. అలవాటు" అన్నాను.

3. సదరు యంత్రమునకు స్కూళ్ళ పోటీలో మొదటి బహుమతి వచ్చినది. ముఖ్య అతిథిగా మా ఫ్యాక్టరీ మేనేజరు గారు విచ్చేసియుండిరి. వేదిక మీద ఆ మర చెయ్యి సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి తిప్పుతుంటే, వెనక వరసలో కూర్చున్న నేను ఆగలేక లేచి, "అది నా చెయ్యే! నా చెయ్యే!" అని అరిచాను. అందరూ నవ్వారు. మేనేజరు గారు కూడా నవ్వి, జేబులోంచి కలం తీసి ఏదో రాసుకున్నారు.

కొన్నాళ్ళకు, స్కూలు నుంచి నమూనా తీసుకొని చేయించిన అలాంటి చేతులు మా బెల్టు పక్కన వరసగా నిలబడ్డాయి. సీసాలు ఏరే ఆడవాళ్ళందరినీ ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు తలా ఒక గోడ గడియారం ఇచ్చారు. పని లేనివాళ్ళకు గడియారం ఎందుకో తమరే సెలవియ్యాలి.

4. నా కుమార్తె చదువు పూర్తి కాగానే, ఆ మర చేతులను చూసుకునే ఉద్యోగం ఇవ్వబడునని ఫ్యాక్టరీ వారు తెలియజేసియున్నారు. స్కూలువారు సంబరపడి దాని ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టి, కింద "మా శిక్షణ, ఆమె ఉద్యోగం" అని రాయించారు. ఆ వారంలోనే, బెల్టు దగ్గర ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చున్న అక్క, నాతో ఒకే డబ్బాలో తిన్న మనిషి, కొట్టు ముందు పదిమందీ వింటుండగా నోరు పారేసుకుంది.

"కన్నకూతురే తల్లి పొట్ట కొట్టింది. మధ్యలో మా పొట్టలేం పాపం చేశాయి?"

నేను ఊరుకోలేదు. "నీ నోట్లో మన్ను పడ! పసిపిల్లనా అనేది?" అని మీదికి వెళ్ళాను. వెళ్ళి లాభమేముంది? పసిపిల్ల సంచీ పట్టుకొని నా వెనకే ఉంది. అంతా వినేసింది.

ఆ రోజు నుంచి ఆ తరగతి గడప తొక్కలేదు. జడలోంచి స్క్రూడ్రైవరు తీసి గరిటెల డ్రాయర్లో పడేసింది. దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనికి వెళ్తానంటోంది.

"నీ నోటికాడ కూడు లాక్కుని బహుమతి తెచ్చుకున్నానమ్మా" అంటుంది.

"పిచ్చిమొహమా, నువ్వు కాకపోతే ఇంకోడు చేసేవాడు."

"ఇంకోడు చేస్తే వాణ్ణి తిట్టుకునేదానివి. నేను చేశాను కాబట్టి తిట్టను కూడా తిట్టట్లేదు."

అది అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోతుంటే నా గుండె చెరువైపోతోందయ్యా.

5. హాజరు లేనందున నెలాఖరుకు పేరు కొట్టివేయబడునని, ఆ సీటు వేరొకరికి ఇవ్వబడునని స్కూలు పెద్ద మేడం గారు నోటీసు పంపియున్నారు. దయచేసి కొట్టివేయవద్దు. నోటీసు బోర్డు మీది ఫొటో మాత్రం తీయించండి, అది ఆ దారిన నడవలేకపోతోంది. ఇంకొక మాట. ఇంట్లో పని చూసి రమ్మన్నారు, చూసింది. ఆ పని పోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో కూడా చూసి రమ్మని ఎందుకు చెప్పలేదు? అది మాత్రం పాఠం కాదా? నేను మాస్టారి మీద ఫిర్యాదు చేయడం లేదు. ఆయన మంచివారు. మా గుమ్మం దాకా వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయారు. యంత్రాల మీదా కోపం లేదు. నాకు ఇంకో పని దొరుకుతుంది, దొరక్కపోతే నా తిప్పలు నేను పడతాను. దానికి మాత్రం ఈ విద్య తప్ప వేరేది పట్టదు. కుట్టుమిషను పాడైన రోజు తప్ప దర్జీ కొట్లో దాని ముఖంలో నవ్వుండదు.

కావున తమరు పెద్ద మనసుతో ఈ తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్క్రూ వాళ్ళ అమ్మ

తా.క. అర్జీ మడిచిపెట్టి, నా పాత అన్నం డబ్బా తెచ్చుకుందామని నిన్న ఫ్యాక్టరీకి వెళ్ళాను. కిటికీ అద్దంలోంచి మర చెయ్యి కనిపించింది. సీసా ఎత్తింది, తిప్పింది, కొట్టింది. దించేముందు కాస్త ఆగింది. అచ్చం నాలాగే. అక్కడున్న ఇంజినీరు విసుక్కున్నాడు. "ఈ ఆగడం వల్ల టైము దండగవుతోందమ్మా. తీద్దామంటే మిగతాదంతా చెడిపోతోంది. మీ అమ్మాయికే తెలియాలి."

ఇంటికొచ్చి దానికి చెప్పాను. "అది తీసేస్తే నీ చెయ్యెలా అవుతుందమ్మా? కావాలనే ఉంచాను" అంది.

ఇక చెప్పక తప్పలేదు. ఆ ఆగడం అలవాటు కాదు. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ తడినేల మీద జారి పడ్డాను. పొట్టకు దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెడితే మణికట్టు విరిగింది, సరిగ్గా అతుక్కోలేదు. సీసా దించబోతే కలుక్కుమంటుంది. అందుకని ఆగుతాను.

నా మణికట్టు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. "నీ నొప్పి కూడా దానికి నేర్పానా అమ్మా?" అంది.

ఈరోజు పొద్దున్నే డ్రాయరు లాగి స్క్రూడ్రైవరు తీసుకుంది. మొదట చేసిన మర చెయ్యి ఇంకా తరగతి గదిలోనే ఉందట, దాన్ని సరిచేస్తే ఫ్యాక్టరీలోవి కూడా మార్చుకుంటారట. "దాని నొప్పయినా తీసేసి వస్తాను. ఆ ఒక్క పనీ అయిపోతే వచ్చేస్తాను, మళ్ళీ వెళ్ళను" అని చెప్పి వెళ్ళింది. జడలో గుచ్చుకోలేదు, చేత్తో పట్టుకుని వెళ్ళింది.

అయ్యా, పనులు ఎలా ఆలస్యం చెయ్యాలో తమ ఆఫీసువారికి ఒకరు నేర్పక్కర్లేదు. ఏదో సామాను రాలేదనండి, ఎవరిదో సంతకం కావాలనండి. నా మిగతా కోరికలు తీరకపోయినా సరే, ఆ పని మాత్రం త్వరగా అయిపోకుండా చూడండి.