చెరువు కట్ట దారికి పాసు

పటాన్‌చెరు,
శ్రావణ శుక్రవారం.

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు మీ రాజ్యం నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం తిరుగుతూ, తింటూ, నిద్రపోతూ బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన కంటికి అద్దాలు వచ్చాయా? పెద్దమ్మ ఇప్పటికీ చన్నీళ్ళే పోసుకుంటోందా? అన్నిటికీ విడివిడిగా జవాబు రాయి. పోయినసారిలా "అందరూ క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేయకు.

నీ ఉత్తరం అందింది. యాభై ఏళ్ళు వచ్చాక సైకిలు తొక్కడం ఏమిటని అడిగావు. అన్నయ్యా, కాలువ గట్టున వెనకనించి సీటు పట్టుకుని పరిగెత్తుతూ నేర్పింది నువ్వే. ఎన్నేళ్ళకి దిగిపోవాలో ఆనాడు చెప్పలేదు.

ఇక్కడ నా పని ఎలా ఉంటుందో నీకు తెలియదు. మీ బావగారు ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే క్వార్టరులో నేనూ, రేడియో. మాట్లాడే మనిషి ఉండదు. పక్కింటి వాళ్ళు బీహారు వాళ్ళు, మంచివాళ్ళే, కానీ నా హిందీ కిరసనాయిలు అడగడం దగ్గరే ఆగిపోతుంది. బదిలీ మీద వెళ్ళే నర్సు దగ్గర ఈయన ఆడవాళ్ళ సైకిలు కొనిచ్చారు. పొద్దున్నే స్నానం చేసి, కాలనీ వెనక గేటు దగ్గర పారాయణ మొదలుపెట్టి తొక్కుకుంటూ పోతాను. సీతాఫలం పొదల మధ్య బండ్లదారి, తరవాత చెరువు కట్ట, అది దిగితే రెండు గుట్టల నడుమ వాగు కోసుకున్న సందు. ఇక్కడివాళ్ళు గండి అంటారు. రెండు పక్కలా ఇల్లంత బండలు ఒకదానిమీద ఒకటి. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. బెల్లు కొడితే రెండుసార్లు వినిపిస్తుంది. గండి దాటి జొన్నచేల మధ్యకి వచ్చేసరికి నా పారాయణ పూర్తవుతుంది. లారీ లేదు, హారను లేదు. నీళ్ళమీద కొంగలు తప్ప నన్ను చూసేవాళ్ళు లేరు. మన వైపు అంతా బల్లపరుపు నేల కదా, ఇక్కడ ఎత్తుపల్లాలకి మొదట ఆయాసం వచ్చేది. ఇప్పుడు లేదు. నా గురించి దిగులు పెట్టుకోకు.

మల్లమ్మ పరిచయమైంది ఆ కట్టమీదే. అవతలి ఊరినించి కాలనీకి పెరుగు, పుంటికూర తెచ్చి అమ్ముతుంది. పుంటికూర అంటే మన గోంగూరే. నాకంటే పదేళ్ళు పెద్దది. మొదటిరోజు నేను బెల్లు కొట్టుకుంటూ ఆమెను దాటిపోయాను. వెనకనించి కేక.

"ఓ ఆంధ్రమ్మా! ఆగు! మైసమ్మ ముంగట సైకిల్ దిగకుంట పోతవా? కండ్లు కనవడ్తలేవా?"

చూద్దును కదా, కట్ట మధ్యలో వేపచెట్టు కింద పసుపు, కుంకుమ పూసిన రాయి. చెరువుని కాచే తల్లి. ఆమె ముందు ఎవరైనా బండి దిగి నడవాలట. నాకెలా తెలుస్తుంది? తెలియక చేశాను, క్షమించండి అన్నాను.

"నాతోని ఏంది చెప్పుడు? తల్లితోని చెప్పు. మీ దిక్కు దేవుళ్ళందరు గోపురాలల్లనే ఉంటరా ఏంది?"

లెంపలు వేసుకున్నాను. ఆనాటినించీ అక్కడ దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటుతాను. మల్లమ్మ ఎదురైతే రెండు మాటలు. ఈ ఊళ్ళో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడే.

ఇక నాకు ఒళ్ళు మండిన సంగతి. పోయిన వేసవిలో కట్టకి ఇవతల కొత్తగా ఒక మందుల ఫ్యాక్టరీ వచ్చింది. ఒకరోజు వెళ్ళేసరికి కట్ట మొదట్లో ఇనుప గేటు, తాళం. కాపలాకి యాదయ్య. అతనిది అవతలి ఊరే. ఉన్న పొలం ఫ్యాక్టరీకి పోతే ఈ ఉద్యోగం ఇచ్చారు. "నేనేం జేయను అమ్మా, సార్ల ఆర్డర్" అన్నాడు. గండిలోంచి వచ్చిన వాగునీ, ఆ చెరువునీ, ఆ కట్టనీ ఈ మందులవాళ్ళు తవ్వారా? ఎవరి తాతలు మోసిన మట్టి అది? గేటు పడ్డాక మల్లమ్మ తలమీద పెరుగుకుండతో మెయిన్‌రోడ్డు చుట్టూ తిరిగి రావాలి. రెండు మైళ్ళు ఎక్కువ. పక్కనించి లారీలు రాసుకుపోతాయి. కాలనీ చేరేసరికి పెరుగు పులిసిపోతుంది.

మల్లమ్మను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. నేను! గట్టిగా మాట్లాడితే పాలు విరుగుతాయా అన్నట్టుండే మనిషినని నువ్వే ఎగతాళి చేస్తావు కదా. ఆ మేనేజరు మన వైపువాడే, మాట తీరు వినగానే తెలిసిపోయింది. నాకు కుర్చీ వేయించాడు. మల్లమ్మను గుమ్మం బయటే ఆపేశారు.

"అమ్మగారూ, మీరు మనవాళ్ళు. మీరు చెప్పాలా? హాయిగా సైకిలు మీద తిరగండి. ఊరివాళ్ళని రానిస్తే గేటెందుకు చెప్పండి?" అంటూ అట్టముక్కమీద నా పేరు రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

అన్నయ్యా, నేను ఆ పాసు తీసుకున్నాను. రెండు చేతులా తీసుకుని, చాలా సంతోషమండీ అన్నాను. పెద్దమనిషి ఏదైనా ఇస్తే తీసుకుని దణ్ణం పెట్టడమే మనకి నేర్పారు. మర్యాద నా నోరు కట్టేసింది. బయటికి వచ్చాక మల్లమ్మ నా చేతిలోకి చూసింది.

"నాదేదమ్మా?"

నేను అట్టముక్కని కొంగు చాటున పెట్టుకున్నాను. "ఇగ పో, నీ తొవ్వ నీకు దొరికింది" అని కుండ నెత్తిన పెట్టుకుని మెయిన్‌రోడ్డు వైపు నడిచింది.

మర్నాడు, సిగ్గులేకుండా, ఆ పాసు చూపించి కట్ట ఎక్కాను. మైసమ్మ దగ్గర దిగాను. పారాయణ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు లేదు. అక్కడినించే వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ తరవాత రోజూ మెయిన్‌రోడ్డుకే వెళ్ళి, మల్లమ్మ కుండని హ్యాండిలుకి కట్టి, సైకిలు నడిపించుకుంటూ ఆమెతో వచ్చేదాన్ని. మొదటి రెండు రోజులూ నాతో పలకలేదు. మూడోనాడు, "నీ సైకిల్ మంచిగున్నది, నీ అకల్ జెర తక్కువున్నది" అంది. అకల్ అంటే తెలివి. దాంతో రాజీ అయిపోయింది. ఈయనేమో "మేనేజరుకి మా ఆఫీసరు స్నేహితుడు, నీకెందుకీ గొడవ?" అంటూ నాలుగు రోజులు అన్నం దగ్గర అదే మాట. గొడవ నేను చేశానా, గేటు పెట్టినవాడు చేశాడా?

ఆషాఢంలో ఒక ఆదివారం ఆ ఊరివాళ్ళ బోనాలు. కొత్త కుండలో అన్నం వండి, పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మైసమ్మకి తీసుకెళ్తారు. ఒకసారి ఎత్తుకున్న బోనం అమ్మవారి ముందే దించాలి, దారిలో దించకూడదు. ఈ ఏడు కాలనీ పక్కన ఉండే తమ చుట్టాల ఇళ్ళు కూడా కలుపుకుని, ఇవతలి వైపునించి బయలుదేరారు. మల్లమ్మ రమ్మంటే నేనూ వెళ్ళాను. దీపాల్లో పోయడానికి నూనె సీసా నా చేతికి ఇచ్చింది. డప్పులతో గేటు దాకా వచ్చాం. తాళం వేసి ఉంది.

"తాళంచెవి ఆఫీసుల ఉన్నది. ఇయ్యాల ఆఫీసు బంద్" అన్నాడు యాదయ్య, నేలచూపులు చూస్తూ.

ఎవరూ బోనం దించలేదు, వెనక్కీ తిరగలేదు. డప్పులు ఆగిపోయాయి. తుంపర మొదలైంది. మెడలు నిలబెట్టి అలాగే నిలుచున్నారు. నేను మునివేళ్ళమీద లేచి ఒక్కొక్క దీపంలో నూనె పోస్తున్నాను. నేను తడుస్తున్నానని యాదయ్యకి జాలి వేసినట్టుంది. మర్యాదస్థుడు, పాపం.

"అమ్మా, మీకు పాసున్నది గదా. మీరు రాండ్రి, మీ ఒక్కరికి తీస్త."

"ఎలా తీస్తావు నాయనా? తాళంచెవి ఆఫీసులో ఉందన్నావుగా?" అన్నాను. నిజంగా అర్థం కాకే అడిగాను.

అతని చెయ్యి అప్పటికే జేబులో ఉంది. బోనాలెత్తిన వాళ్ళలో ముందున్నది అతని భార్యే.

"ఓహో! జేబుల వెట్టుకోని తల్లి ముంగట అబద్ధమాడ్తున్నవా? ఇంటికి రా, నీకు బువ్వ గూడ ఆఫీసులనే ఉంటది!"

బోనాలు కదలకుండా అంతమందీ ఎలా నవ్వారో నాకిప్పటికీ తెలియదు. యాదయ్య తాళం తీశాడు. మొక్కు తీరాక, తిరిగి వచ్చేటప్పుడు అతని భార్య తన బోనం వేపమండలు విప్పి, తెరిచిన గేటుని స్తంభానికి కట్టేసి పసుపు పూసింది.

మర్నాడు మేనేజరు జీపులో వచ్చాడట. విప్పమని అరిచాడట. "తల్లికి కట్టింది సార్. మీరే విప్పుండ్రి" అన్నాడట యాదయ్య. మేనేజరు ఆ మండల దాకా వెళ్ళి, చెయ్యి చాచి, మళ్ళీ జీపెక్కాడట. వేపాకు ఎండి రాలిపోయింది కానీ గేటు తెరిచే ఉంది. మళ్ళీ వేస్తారేమో చెప్పలేను. వేస్తే మళ్ళీ వెళ్తాం. యాదయ్య ఉద్యోగానికి ముప్పు రాకూడదని మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను, నువ్వూ పెట్టు.

నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. పెద్దవాళ్ళు, ఆశీర్వదించండి, అదే చల్లారుతుంది. పెద్దమ్మ పాదాలకు నా నమస్కారాలు. నా ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను.

మల్లమ్మ తెచ్చే పుంటికూర లేతగా ఉంటోంది. నిలవ పచ్చడి పెడదామంటే వదిన కొలతలు మర్చిపోయాను. కవరులో ఒక అట్టముక్క పెడుతున్నాను. అది ఆ పాసే. వెనకవైపు ఖాళీగా ఉంది. ఉప్పెంతో, కారమెంతో దానిమీద రాయించి పంపు. వంటింట్లో మేకుకి తగిలించుకుంటాను.

మీ ఆశీస్సులు కోరే చెల్లెలు,
రాజ్యలక్ష్మి