పాత గీజరు వైరు

మామయ్యగారూ,

మీరు నడక నుంచి వచ్చేసరికి నేను ఆఫీసుకి వెళ్ళిపోయి ఉంటాను. ఇవాళ బాత్రూంలోకి అడుగు పెట్టకండి. గీజరు తీసేసిన గోడలోంచి వేలాడుతున్న వైరులో ఇంకా కరెంటు ఉండొచ్చు. ఇందాక ఎలక్ట్రీషియను వచ్చి టెస్టరు పెడితే లైటు వెలిగింది. బాత్రూం స్విచ్చు ఆపేసినా వెలిగింది. ఎవరో ఎప్పుడో దాన్ని వంటింటి లైనుకి కలిపారట.

"టేపు చుట్టేసి పైన టైల్స్ వేసేద్దాం, ఎవరికి కనబడుతుంది?" అన్నాడు మేస్త్రి.

"రేపు అద్దం తగిలించడానికి అక్కడే డ్రిల్లు పెడితే?" అన్నాడు ఎలక్ట్రీషియను.

వంటింటి ఫ్యూజు పీకి ఎలక్ట్రీషియనే పట్టుకెళ్ళాడు. ఇంకో లైను కూడా కలిసిందేమో చూడాలట. నాలుగింటికి వచ్చి, వైరుని అది కలిసిన చోటే విడదీసి మొత్తం లాగేస్తాడు. అప్పటిదాకా మేస్త్రి ఎంత తొందరపెట్టినా టైల్స్ వేయనివ్వకండి. ఫ్రిజ్ పనిచేయదు. పాలు విరిగితే విరగనివ్వండి, బోర్డు జోలికి మాత్రం వెళ్ళకండి. నేను గంటకోసారి ఫోన్ చేస్తాను, విసుక్కోకుండా ఎత్తండి.

నిన్న మీరు ఆ వైరు పట్టుకుని లాగబోతుంటే పనివాళ్ళ ముందు మీ మీద అరిచాను. పన్నెండేళ్ళలో మీ ఎదుట గొంతు పెంచడం అదే మొదటిసారి. రాత్రి మీరు అన్నం దగ్గర నాతో మాట్లాడలేదు. నేను అరిచింది కోపంతో కాదు మామయ్యగారూ. ఇందాక టెస్టరు వెలిగినప్పటినుంచి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి, రాత చూడండి.