పెళ్ళివారెక్కిన మిలిటరీ లారీ

అక్కా, కులాసా. నన్నింకా తరిమెయ్యలేదు. ఒకప్పుడు సైన్యం దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళిన దారినే, ఆ జ్ఞాపకంగా, ఆనాటి పాత లారీల్లో మళ్ళీ వెళ్తున్నాం కదా. బయల్దేరిన రోజే, "మెకానిక్కువని ఊరుకోను. ఇంకో వెధవ్వేషం వేశావా, ఇంటికే!" అన్నారు మమ్మల్ని నడిపిస్తున్న ముసలి కెప్టెన్‌గారు. నిన్న ఆయన టీ తాగుతుంటే ఆయన లారీ ముందు "పెళ్ళివారి బండి" అని అట్ట కట్టాను. దారిలో బస్సు చెడి నిలబడ్డ నిజం పెళ్ళివారు దాన్ని చూసి, లారీ ఆపి, పెళ్ళికూతురితో సహా ఎక్కేశారు.

"దిగండి! ఇది మిలిటరీ లారీ!" అని ఆయన కేకలు.

"అరవకు నాయనా, పోనీ. పెళ్ళి వేళ మించిపోతోంది," అంది ఒక ముసలమ్మ.

పోనిచ్చారు! వేళకు దింపారు. "భోంచేసే వెళ్ళాలి తాతయ్యా," అంటూ పెళ్ళికూతురు ఆయన చెయ్యి వదల్లేదు. ఇక మూట సర్దుకోవాల్సిందే అనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, అట్ట విప్పి నా చేతికిచ్చి, "రేపేం రాస్తావురా?" అన్నారు.

అమ్మ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు, బావకు మొట్టికాయ. నీ నోరు నాకంటే పదును, అట్ట మీదకు ఒక మంచి మాట రాసి పంపు.

నీ తమ్ముడు