గ్రంథాలయానికి తాళం వేసింది మేమే

మల్లేశా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను కాబట్టి నా తప్పులు దిద్దే శ్రమ నీకు లేదు. నిన్న రాంగోపాల్‌పేట్‌లో మన గ్రంథాలయం మళ్ళీ తెరిచాం. యూనియన్ సైన్యం వచ్చి నెలలైంది. తుప్పుపట్టిన తాళానికి మాత్రం ఆ సంగతి సుత్తితో చెప్పాల్సి వచ్చింది.

ఆనాడు, నవాబు పాలనలో, ఠాణా నుంచి పోలీసు అమీన్ వచ్చి, "దినాం ఎంతమంది వస్తరు ఇక్కడికి?" అని మాత్రమే అడిగాడు. మరునాడు సగంమందే వచ్చారు. మూడోనాడు మేమే తాళం వేసి, తాళంచెవి ఠాణాలో ఇచ్చొచ్చాం. అమీన్‌కు నడిచే పని కూడా పెట్టలేదు. నువ్వొక్కడివే బయట మెట్టు మీద కూర్చుని, చదువురానివాళ్ళకు ఎప్పటిలాగే పత్రిక బిగ్గరగా చదివావు. అక్కడినుంచే నిన్ను తీసుకుపోయారు. జైలు నుంచి నీ బట్టలే తిరిగొచ్చాయి.

నిన్న నువ్వు పత్రిక చదివే పీట మీద నన్ను కూర్చోబెట్టారు.

"జెర జోర్‌గ సదువన్నా, ఇప్పుడెవరికి భయం?" అన్నాడు దర్జీ ఖాసిం.

జోరుగానే చదివాను. మధ్యలో కొత్త అధికారులను తప్పుపడుతూ నాలుగు వాక్యాలొచ్చాయి. చదవొద్దని నాకెవరూ చెప్పలేదు. అయినా వాటిని దాటేసి వానల కబురు అందుకున్నాను.

"మంచిగ సదివినవన్నా," అన్నాడు ఖాసిం. అతనికి అక్షరాలు రావు.

నీకైనా చెబుదామని ఆ నాలుగు వాక్యాలూ ఇక్కడ రాయబోయాను. ముందు లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాను.

నీ రాజయ్య