పంపినవాడి కథ

ఇనా లోయ,
30 అక్టోబరు 2003.

కివకో అక్కయ్యకు,

పదహారేళ్ల తర్వాత ఏ ముఖం పెట్టుకుని కుశలం అడగాలో తెలియక ముందుగా తల వంచి నమస్కరిస్తున్నాను. నీ ఆరోగ్యం ఎలా ఉంది? బావగారి నడుము నొప్పి తగ్గిందా? మీ నీగాటాలో అప్పుడే చలిగాలులు మొదలయ్యాయని విన్నాను. ఇక్కడ ఆపిల్ కోతలు ముగింపుకొచ్చాయి. కొండల మీద మొన్ననే మొదటి మంచు పడింది. మేమంతా క్షేమం. వచ్చే మార్చిలో నేను రిటైరవుతున్నాను.

కవరు మీద నా చేతిరాత చూసి నువ్వు దీన్ని తెరవకుండా పక్కన పడేసినా నేను తప్పుపట్టను. ఎప్పుడు తెరిచినా సరే, చివరిదాకా చదువు.

పోయిన వారం మా బడిలో ఆఖరి సంవత్సరం పిల్లల్ని ముప్పై ఒక్క మందిని రెండు రోజుల విద్యాయాత్రకు తీసుకెళ్లాను. మొదటి రోజు, యుద్ధకాలంలో కొత్త భూములు దున్నడానికని సర్కారు మంచూరియా పంపితే తిరిగిరాని వాళ్ల కోసం లోయ దక్షిణాన కట్టిన శాంతి స్మారకం. రెండో రోజు కొండ మీది గుడి. ఇన్నేళ్లూ ఆ స్మారకం పేరెత్తితే చాలు, ఏదో వంక చెప్పి ఇంకో మాస్టారిని పంపేవాణ్ణి. ఈసారి ఆయన కాలు విరగ్గొట్టుకున్నాడు. నాకు తప్పలేదు.

బస్సులో పిల్లలు ఒకటే గోల. వతారు అనే బొద్దు కుర్రాడు మధ్యాహ్నం తినాల్సిన అన్నం ముద్దలు మూడూ మన పట్నం దాటకముందే తినేసి పక్కవాడి డబ్బా వైపు చూడసాగాడు. ఒరేయ్, నీ కడుపుకి వేరే సీటు ఇప్పించాల్సిందిరా అని వాళ్లు ఏడిపిస్తుంటే నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అంతే.

స్మారకంలో పిల్లలకు తన కథ చెప్పడానికి ఒక ముసలాయన వచ్చాడు. పేరు మొమోసే, డెబ్బై నాలుగేళ్లు. ఆ పేరు నాకు ముందే తెలుసు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన గట్టిగా మాట్లాడలేదు, ఏడవలేదు. పద్నాలుగేళ్లప్పుడు వెళ్లానర్రా, మీకంటే చిన్నవాణ్ణి, అన్నాడు. మా మాస్టారు మూడుసార్లు మా ఇంటికొచ్చాడు. మూడోసారి మంచు మోకాళ్ల దాకా ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. మాస్టారు చాప మీద నుదురు ఆనించి, అమ్మా, ఈ బడి నుంచి పదకొండు మందిని పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది, పదిమందే అయ్యారు అన్నాడు. మాకు అక్షరాలు దిద్దించిన మనిషి అలా నేల మీద పడి ఉంటే చూడలేకపోయాను. తలుపు చాటు నుంచి నేను వెళ్తాను అనేశాను. అదీ నేను మంచూరియా వెళ్లిన కథ. పదకొండు మందిమి వెళ్లాం, నలుగురం వచ్చాం. మిగతా వాళ్లు ఆకలికి పోయారు, జ్వరానికి పోయారు, ఒకడు నా పక్కనే పడుకుని తెల్లారి లేవలేదు.

మిహారు అనే అమ్మాయి చెయ్యెత్తింది. తాతయ్యా, ఆ మాస్టారి మీద మీకు కోపం లేదా అని అడిగింది. ఉందమ్మా, ఇప్పటికీ ఉంది, ఆయన మంచి మాస్టారు, నా కోపమంతా అదే, చెడ్డవాడైతే మేం మాట వినేవాళ్లమే కాదుగా అన్నాడు.

మాస్టారి పేరు ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వరుసలో నిలబడి పిల్లలతో పాటు కృతజ్ఞతలు చెప్పి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున కొండెక్కాం. దేవదారు చెట్ల మధ్య రాతి మెట్లు తడిసి జారుతున్నాయి. దేవుడికి కింద ఎక్కడా ఇల్లు దొరకలేదా మాస్టారూ అంటూ వతారు మూడు వందల మెట్లూ మూలుగుతూనే ఉన్నాడు. పైన మండపంలో, ప్రయాణానికి ముందు మొక్కుకుని పేర్లు రాసి కట్టిన పాత చెక్క పలకలు ఉన్నాయి. పొగచూరి నల్లబడ్డ ఒక పెద్ద చెక్క ముందు మిహారు ఆగింది. వేలితో దుమ్ము తుడుస్తూ ఒక్కొక్క పేరూ పైకి చదివింది. పదకొండో పేరు మొమోసే. ఇది నిన్నటి తాతయ్యే అని అరిచింది. మిగతా వాళ్లు మూగారు. ఆ పిల్ల కింది వరుస కూడా చదివేసింది: వెంట తీసుకొచ్చిన ఉపాధ్యాయుడు, కరసావా. మాస్టారూ, ఇది మీ ఇంటిపేరే, అంది.

అక్కయ్యా, ఈ లోయలో కరసావాలు కొల్లలని అనబోయాను. ఆ మాట నా నాలుక మీదే ఉంది. వాళ్లు నమ్మేవాళ్లు కూడా. నేను ఈ లోయలో మాస్టారినయ్యింది నాన్న పేరు మీదే. బడిలో ఆయన ఫోటో ఉంది, పాత విద్యార్థులు ఏటా దానికి పూలు పెడతారు. కానీ ఆ ముప్పై ఒక్క మందీ నా ముఖం వైపు చూస్తున్నారు. అందరూ పదిహేనేళ్ల వాళ్లు. ఆయన మా నాన్న అని చెప్పాను.

వతారు, మరి నిన్న ఆ తాతయ్యకి ఎందుకు చెప్పలేదు మాస్టారూ అన్నాడు. వాడి గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. భయమేసిందిరా అన్నాను. మనం అటువైపు నుంచే కదా తిరిగి వెళ్లేది అంది మిహారు.

తిరుగుదారిలో స్మారకం దగ్గర బస్సు ఆపించి నేనొక్కణ్ణే లోపలికి వెళ్లాను. మొమోసే అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను కరసావా మాస్టారి కొడుకునని చెప్పి, మోకాళ్ల మీద కూర్చుని నేలకు తల ఆనించాను. లేవయ్యా లే, అన్నాడాయన కటువుగా. ఆ దండం పెట్టడం మీ ఇంట్లో అందరికీ బాగానే చేతనవును, దాంతోనేగా నన్ను పంపింది. సిగ్గుతో లేచి నిలబడ్డాను. నిన్న తలుపులోంచి వస్తున్నప్పుడే గుర్తుపట్టాను, నడకంతా మీ నాన్నదే అన్నాడు. యుద్ధం అయ్యాక నాన్న రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాడట. వాళ్లమ్మ తలుపు తీయలేదట. మూడోసారి వస్తే తీసేదేమో, రాలేదు అన్నాడు.

తర్వాత కప్పు పక్కన పెట్టి ఇలా అన్నాడు: వెళ్లినవాడి కథ నేను ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. నా గొంతు పోతోంది. పంపినవాడి కథ చెప్పడానికి మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఈ మెట్లు ఎక్కలేదు. అది లేకపోతే నాది సగం కథేనయ్యా. క్షమాపణ నాకెందుకు, వచ్చి నిలబడి చెప్పు.

చెప్తానన్నాను. నవంబరు రెండో ఆదివారం, పది గంటలకు. సంగతి తెలిసి ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు హెడ్మాస్టరుకి ఫోన్ చేసి, రిటైరయ్యే ముందు ఈయనకి ఇదేం పని అన్నారట. నాన్న ఫోటో తీసేయాలా వద్దా అని స్టాఫ్ రూములో గుసగుసలు మొదలయ్యాయి. ఉండనివ్వండి, పక్కన ఆ పదకొండు పేర్లూ పెట్టండి అన్నాను.

నాన్న పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మలో, బంధువుల మధ్య నువ్వు లేచి ఆ పిల్లల గురించి చెప్పబోయావు. వాళ్లు మన పెరట్లో వరుసగా నిలబడటం ఐదేళ్ల పిల్లవై నువ్వు కళ్లారా చూశావు. నేనప్పటికి పుట్టనేలేదు. అయినా నీ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్లి, పోయినవాణ్ణి బజారుకీడ్చాలనుకుంటే ఇక ఈ గడప తొక్కకు, నాన్న ఆత్మ క్షోభిస్తుంది అన్నాను. నువ్వు చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. మళ్లీ రాలేదు. అమ్మ పోయినప్పుడు కూడా గుడి బయటే నిలబడి వెళ్లిపోయావు.

ఆ ఆదివారం నువ్వు రావాలని అడిగే హక్కు నాకు లేదు. ఉన్నా లేకపోయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
తొషిహరు

తా.క.: అసలు సంగతి రాయకుండానే కవరు అంటించాను. మళ్లీ చింపాను. నాన్న పోయేముందు ఏమైనా ఇచ్చాడా అని అప్పట్లో నువ్వు నన్ను అడిగావు. లేదన్నాను. ఇచ్చాడు. ఆసుపత్రిలో, చివరి వారం. ఆ కాగితాన్ని దీనితో పంపుతున్నాను. పదకొండు పేర్లు, ఎదురుగా వాళ్ల వయసులు. కింద వణికే రాతలో ఒక్కటే వాక్యం: నా నలభై తొమ్మిదో రోజున ఈ పేర్లు అందరి ముందూ కివకో చదవాలి. నిన్ను గుమ్మం దాకా లాక్కెళ్లినప్పుడు ఈ కాగితం నా కోటు లోపలి జేబులో ఉంది.